చెవి మిషను కేసు

రేవు వెనక సందులో మెస్ నడిపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ ఓడ బాబాయి అనే పిలుస్తారు. మీసం రాని రోజుల నుంచీ సరుకు ఓడల మీద వంటవాడిగా తిరిగిన మనిషి. ఇప్పటికీ నేల మీద నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా వేసి, ఏ క్షణాన అల వస్తుందో అన్నట్టు నడుస్తాడు. చేతిలో కత్తిపీట, ముందు ఉల్లిపాయల గుట్ట, పక్కన వినే మనిషి ఉంటే చాలు, ఆయనకి పొద్దే తెలీదు. ఎన్ని దేశాలు చూశావు బాబాయ్ అని ఎవరైనా అడిగితే, దేశాలు కాదు, వాటి రేవులు చూశానని నవ్వుతాడు. అయితే ఒక్క దేశాన్ని మాత్రం లోపల్నుంచి కూడా చూశాడు. అక్కడ దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు మరి.

అదెలా జరిగిందంటే, ఓ రేవులో ఓడ ఆగినప్పుడల్లా బాబాయి ఒక మంగలి షాపుకి వెళ్ళేవాడు. వస్తూ పోతూ ఉండటంతో అక్కడి భాష కూడా తంటాలు పడి నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. ఆ రోజు ఒకటే వాన. తలుపు పక్కన మేకులకి ఒకే నలుపు రంగు వానకోట్లు వేలాడుతున్నాయి. క్రాఫు చేయించుకుని, ఓడలో వంటకి ఆలస్యమవుతోందని చేతికందిన కోటు తగిలించుకుని పరుగెత్తాడు. వంటగదిలో దాన్ని మేకుకి తగిలించి పొయ్యి మీదకి పోయాడు. జేబుల్లో చెయ్యి పెట్టే అవసరమే రాలేదు.

ఆ కోటు రైలింజను నడిపి రిటైరైన ఒక పెద్దాయనది. ఏళ్ళ తరబడి ఇంజను మోత విని విని ఆయన చెవులు పోయాయి. జుట్టు కత్తిరించేటప్పుడు అడ్డమని చెవి మిషను తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆయన లేచి చూసేసరికి మిగిలింది బాబాయి కోటు. వానలో ఏం చేస్తాడు, అదే వేసుకుని ఇంటికి పోయాడు. ఇంటికెళ్ళాక జేబులో మిషను బదులు మిరియాల పొట్లం దొరికింది. మిషను పోయిందని స్టేషనుకి వెళ్ళి చెప్పాడు. ఎవరో పట్టుకుపోయారు, వెతికిపెట్టండి అన్నాడే గానీ దొంగతనం అన్న మాటే అనలేదు.

పోలీసులు మంగలిని అడిగి తిన్నగా ఓడ మీదకి వచ్చారు. మేకుకి కోటు, కోటు జేబులో మిషను. గరిటె చేతిలో పట్టుకునే బాబాయి ఓడ దిగాడు. మంగలి పాపం స్టేషను దాకా వచ్చి, ఈయన నాకు తెలిసిన మనిషి, పొరపాటున జరిగుంటుంది అని చెప్పాడు. ఈ దేశం వాడైతే సంతకం పెట్టించుకుని ఇంటికి పంపేవాళ్ళం అన్నారు వాళ్ళు. పరాయి దేశం వాడు కాబట్టి బయటికి వదిలితే ఓడెక్కి పోతాడు, కాబట్టి కేసు తేలేదాకా లోపలే ఉండాలట. పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు ఓడ కూత వేసి వెళ్ళిపోయింది. ఆ కూత జైలు గదిలోకి కూడా వినపడింది. నా జన్మలో నేను ఏడ్చింది అప్పుడేనని బాబాయి దాచుకోకుండా చెబుతాడు.

ఆ గదిలో మరో ఇద్దరు ఉన్నారు, ఇద్దరూ పరాయివాళ్ళే. ఒకడు తాపీమేస్త్రీ. పని అయిపోయాక మిగిలిన గచ్చుపలకలు తను అద్దెకుండే గదిలో పరుచుకుందామని సంచిలో వేసుకున్నాడు. అతనితోపాటు అక్కడి మేస్త్రీ ఒకడు కూడా వేసుకున్నాడు. అక్కడివాడికి మందలింపు, ఇతనికి జైలు. శిక్ష అయ్యాక దేశం నుంచి కూడా పంపేస్తారట. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

రెండోవాడు అసలు సిసలు జేబుదొంగ. పొడుగాటి వేళ్ళు, దువ్విన తల, దొరబాబు మాటతీరు. బాబాయి అతనికి వేళ్ళాయన అని పేరు పెట్టుకున్నాడు. హోటళ్ళ గురించి చెప్పినట్టు దేశాల గురించి చెప్పేవాడు. ఒక దేశంలో దొరికితే పేరు రాసుకుని, మళ్ళీ రావద్దని మర్యాదగా విమానం ఎక్కిస్తారట. ఇంకో చోట విచారణే ఏళ్ళు పడుతుందట. మరో చోట బెత్తం ఉంటుందట.

"ఆ దేశంలో దిగినప్పుడు నా జేబులో నేను చెయ్యి పెట్టుకోవాలన్నా నలుగురూ చూసేలా పెట్టుకునేవాణ్ణి," అన్నాడు.

ఒకే పనికి ఇన్ని రకాల శిక్షలేమిటని బాబాయి విస్తుపోయాడు. వేళ్ళాయన, నువ్వు వెళ్ళిన రేవుల్లో ఉప్పు ఎక్కువ తినేవాళ్ళూ తక్కువ తినేవాళ్ళూ లేరా, ఇదీ అంతే అన్నాడు. అయితే పరాయివాడి కంచంలో మాత్రం ఎక్కడైనా ఒక చేయి ఎక్కువే పడుతుందని చెప్పాడు.

బాబాయి ఊరికే కూర్చోగల మనిషి కాదు. జైలు కూర నోట పెట్టుకోగానే ప్రాణం ఉసూరుమంది. కాపలావాళ్ళతో బతిమాలి, బామాలి వంటగదిలో కూరగాయలు కడిగే పని సంపాదించాడు. కడగడం తరగడంలోకి, తరగడం తాలింపులోకి దిగింది. వారం తిరక్కుండానే కాపలావాళ్ళు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మానేశారు. మేస్త్రీ కూడా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఈలోగా బయట ఇంకో తమాషా జరుగుతోంది. మిషను దొరికింది కదా అని పెద్దాయన స్టేషనుకి వెళితే, అది సాక్ష్యం, కేసు తేలేదాకా ఇవ్వం అన్నారు. లక్క వేసి సీలు చేసిన సంచిలో ఉంది. వాళ్ళు అన్నదేమిటో ఆయనకి వినపడదు. కాగితం మీద రాసి చూపించారు. అలాగైతే కేసే వద్దు పొమ్మన్నాడు. అది మీ చేతిలో లేదని ఇంకో కాగితం రాశారు. పోగొట్టుకున్న మనిషికీ ఎత్తుకెళ్ళాడన్న మనిషికీ కలిపి శిక్ష పడిందన్నమాట. పెద్దాయన కోపంతో జైలుకే వచ్చి బాబాయిని చూశాడు. ఇద్దరూ కటకటాలకి అటూ ఇటూ నిలబడి, చేతులు తిప్పుతూ, ఒకాయన వినపడక, ఇంకొకాయన భాష చాలక, అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. పోట్లాడుకుంటున్నారనుకుని కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చారట. తీరా చూస్తే పెద్దాయన ఆ మిరియాలు ఎక్కడ కొన్నావని అడుగుతున్నాడు.

కేసు రోజు వచ్చింది. జడ్జిగారు కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకున్న పెద్దావిడ. బాబాయిని బోనులో నిలబెట్టారు. పెద్దాయనకి కుర్చీ వేశారు. ఈ కోటు మీదేనా అని ఆవిడ అడిగింది. పెద్దాయన పలకలేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. ఆయన కిటికీలోంచి బయట పావురాల్ని చూస్తున్నాడు. గుమాస్తా చెవి దగ్గరకి వెళ్ళి అరిస్తే, ఉలిక్కిపడి లేచి నిలబడి, ఆవిడకి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

"ఈయనకి చెవుడు అయితే మిషను పెట్టుకోమనండి," అంది జడ్జిగారు విసుగ్గా.

గుమాస్తా బల్ల మీదున్న సీలు సంచి వంక చూశాడు. ప్రభుత్వం వకీలు నేల వంక చూశాడు. ఆవిడకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది, నవ్వు దాచుకోవడానికే అంటాడు బాబాయి. చివరికి లక్క పగలగొట్టించి, సాక్ష్యాన్ని సాక్షి చెవిలో పెట్టించింది.

మిషను కీచుమని కూసి, సర్దుకుంది. పెద్దాయన అన్ని రోజుల కోపాన్నీ ఒక్కసారిగా వదిలించుకున్నాడు.

"అమ్మా, నా కోటు ఇతను వేసుకెళ్ళాడు. ఇతని కోటు నేను వేసుకెళ్ళాను. ఇతని మిరియాలు కూడా వాడేసుకున్నాను. ఇతను దొంగైతే నేనూ దొంగనే. మరి నాకు కుర్చీ వేసి, ఇతన్ని బోనులో పెట్టారేం?"

మీకు ఇల్లు ఇక్కడే ఉంది, ఇతనికి లేదు, అందుకని అన్నాడు వకీలు మెల్లగా. ఇల్లు లేనివాణ్ణి మరి కాస్త జాగ్రత్తగా చూడాలి గదా అన్నాడు పెద్దాయన. జడ్జిగారు బాబాయివైపు తిరిగింది. నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగింది. బాబాయి తనకొచ్చిన నాలుగు ముక్కల్లోంచి మూడు ఏరుకుని, నలుపు కోట్లు, వాన, ఆలస్యం అన్నాడు.

కేసు కొట్టేశారు. తన ఓడ వెళ్ళిపోయింది కాబట్టి వేరే ఓడ దొరికేదాకా బాబాయి ఆ పెద్దాయన ఇంట్లోనే ఉన్నాడు. రోజూ వండిపెట్టాడు, కొత్త మిరియాలు కొనిచ్చాడు. తిరుగు ప్రయాణంలో బాబాయిని మామూలు ప్రయాణికుడిగా పంపారు. ఇంకొకడు వండుతుంటే కూర్చుని తినడం జైలుకన్నా కష్టంగా ఉందట. పొయ్యి దగ్గరకి పోయి ఉప్పు తక్కువైందని చెప్పబోతే అక్కడి వంటవాడు గరిటె ఎత్తాడట.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య మొత్తం విని, నింపాదిగా ఒకే మాట అంది. "ఇకమీద కోట్లు వేసుకోవద్దు. తడిసి రండి, ఫరవాలేదు."

ఆ తర్వాత ఆయన సముద్రం మీదకి పోలేదు. ఇద్దరూ కలిసి మెస్ పెట్టుకున్నారు.

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. మొన్న వేసవిలో సందులో పెద్ద గోల. వెల్డింగ్ పనివాడు ఎండలో ఆరబెట్టుకున్న బూట్లు ఒక పరాయి ఓడవాడు వేసుకుని పోతూ దొరికిపోయాడు. పొరపాటేమీ కాదు, దొంగతనమే. తన చెప్పులు తెగిపోయి చేతిలో ఉన్నాయి. జనం మూగారు. తలా ఒక చెయ్యి వేద్దామని ఒకరు, స్తంభానికి కట్టేద్దామని ఒకరు.

"మనవాళ్ళు వాళ్ళ దేశంలో ఇలా చేస్తే తోలు తీస్తారు, తెలుసా బాబాయ్?" అన్నాడు వెల్డింగ్ అతను.

"తెలుసు. చూసొచ్చాను," అన్నాడు బాబాయి. "మన సందులోవాడే నీ బూట్లు వేసుకుపోయుంటే ఏం చేసేవాడివి?"

అతను తల గోక్కున్నాడు. "బూట్లు లాక్కుని, రెండు తిట్టి పంపేవాణ్ణి."

"మరి వీడికీ అవే రెండు తిట్టు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

వెల్డింగ్ అతను బూట్లు విప్పించాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు సవరించుకుని, బాగా ఆలోచించి రెండు తిట్లు ఎంచుకుని తిట్టాడు. ఓడవాడికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. కానీ తనకేం జరిగిందో, ఏం జరగకుండా పోయిందో అర్థమైనట్టే ఉంది. తలొంచుకుని విన్నాడు. తర్వాత బాబాయి భార్య అతని తెగిన చెప్పులకి మేకు కొట్టించి ఇచ్చింది.

మూడోనాడు వాడు ఇంకో నలుగురిని వెంటేసుకుని మెస్‌కి భోజనానికి వచ్చాడు. ఎదురుగా వెల్డింగ్ అతను తింటున్నాడు. వాడు వెళ్ళి పక్కన కూర్చుని, ఆ రోజు తిట్టిన తిట్లకి అర్థమేమిటని సైగలతో అడిగాడు. వెల్డింగ్ అతను వాటిని విడమరిచి చెప్పడానికి నానా తంటాలూ పడుతుంటే, బాబాయి ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు.