ఈరమ్మ తలనొప్పి, ప్రభుదాసు ప్రార్థన

ఈరమ్మది ధరూర్ పక్కన మా ఊరే. వేరుశనగ పీకడానికి కూలికి పోతుంది. నెలకోసారైనా తల ఒక పక్క పగిలిపోయేంత నొప్పి లేస్తుంది. గద్వాల డాక్టరు దానికి మైగ్రేన్ అని పేరు చెప్పి, మాత్రలిచ్చి, చప్పుడు లేకుండా చీకటి గదిలో పడుకోమన్నాడు. ఆయనకు మా ఊరు తెలియదు. మా దగ్గర మంచాన పడ్డ మనిషిని ఒంటరిగా వదిలేయడం మర్యాద కాదు.

మొగుడు ప్రభుదాసు చర్చి సంఘంలో పెద్ద. అబద్ధమాడడు, మెల్లగా మాట్లాడడు. భార్యకు తలనొప్పి అని తెలిస్తే చాలు, పదిమందిని పిలుచుకొచ్చి, లైటు వేసి, కంజీర కొడుతూ పాడించేవాడు. నొప్పి ఎంత ఎక్కువైతే పాట అంత గట్టిగా. చివరికి ఆమె వాంతి చేసుకునేది. నొప్పి దిగిందని అందరూ స్తోత్రం చెప్పి, టీ తాగి పోయేవారు. ఆ టీ కూడా ఈరమ్మే పెట్టేది. ప్రేమతో చేసే పనిని వద్దనడం ఆమెకు చేతకాలేదు. గోడ పక్కనే మా ఇల్లు. నాకైతే ఆ కంజీర విరగ్గొట్టాలనిపించేది.

దేశంలో కరోనా రెండోసారి వచ్చినప్పుడు ప్రార్థన కూటాలు ఆగిపోయాయి. ఈరమ్మ బతికిపోయిందనుకున్నాను. ఆమెకు మళ్లీ నొప్పి లేవగానే ప్రభుదాసు సంఘాన్నంతా ఫోన్లో కలిపి, స్పీకరు పెట్టి, ఆమె దిండు పక్కన ఉంచాడు.

ఆ రోజే ఆశా కార్యకర్త సుమన జ్వరాల సర్వేకు వచ్చింది. "వాసన తెలుస్తుందా అత్తా?" అని అడిగింది. నొప్పి లేస్తే నాలుగిళ్ల అవతలి పోపు కూడా తట్టుకోలేని ఈరమ్మ ఫోను వైపు ఒకసారి చూసి, "తెలుస్తలేదు బిడ్డా" అంది.

పరీక్ష చేసేదాకా వేరుగా ఉంచమని చెప్పి సుమన వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. ఫోను బయటికి పోయింది. ఈరమ్మ చీకట్లో హాయిగా పడుకుంది.

సాయంత్రానికి నొప్పి తగ్గింది. అప్పుడు తలుపు అవతల ఏదో వినిపించింది. ప్రభుదాసు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. ఆ వారమే ఊళ్లో ఇద్దరు పోయారు. ఈరమ్మ లేచి తలుపు తీసింది.

"ఏడ్వకు. నాకు వాసన తెలుస్తనే ఉంది. పొయ్యి మీద పప్పు మాడవెట్టినవ్."

"మరి తెల్వదంటివి?"

"నీ పాట నా తలకాయల రోకలితోటి దంచినట్లుంటది. చెప్తే నొచ్చుకుంటవని ఇన్నేండ్లు చెప్పలే."

ప్రభుదాసు నొచ్చుకున్నాడు. లేచి పప్పు దించాడు. ఆ పూట మళ్లీ ఫోను కలపలేదు. ఆ నిశ్శబ్దం మా ఇంటికి కూడా కొత్తే. తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

కరోనా పోయింది, మాస్కులు మూలన పడ్డాయి. నిరుడు ఈరమ్మకు మళ్లీ నొప్పి లేచిందని తెలిసి, సంఘం కంజీరతో సహా ఇంటి ముందుకొచ్చింది. ప్రభుదాసు తలుపు దగ్గరికి వేసి, గడపకు అడ్డంగా కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి గొంతు తగ్గించి అన్నాడు:

"లోపలికి పోకుండ్రి. ఆమెకు కరోనా వచ్చింది."