పొడుగోడి మేజోళ్ళు

మా మామయ్య సినిమా హాల్లో టార్చి పట్టుకుని జనానికి సీట్లు చూపిస్తాడు. వెలుగు ఎవరి కళ్ళలోనూ పడకుండా టార్చి అద్దానికి ఎర్రకాగితం అంటించుకుంటాడు. ఈ పనికి ముందు తొమ్మిదేళ్ళు మిలట్రీలో ఉన్నాడు, ఒక యుద్ధం చూశాడు. ఎడమచెవి వినికిడి అక్కడే వదిలేసి వచ్చాడు. అదే హాల్లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేది నేను. పనికొచ్చే మాటలు ఆయన కుడిచెవి వైపు చెబుతాను, తిట్లు ఎడమవైపు.

ఆ ఏడు మా హాలుకి ఒక యుద్ధం సినిమా వచ్చి ఏడు వారాలు కదల్లేదు. రోజుకి నాలుగాటలు. అందులో హీరో స్నేహితుడికి గుండు తగులుతుంది. జోరున వాన. హీరో ఒళ్ళో తల పెట్టుకుని, అక్కకి చెప్పమంటూ, ఊరికి చెప్పమంటూ పావుగంట మాట్లాడి మరీ పోతాడు. గుండు తగిలినవాడికి అంత ఓపిక ఎక్కడిదని నాకు మొదటి రోజే ఒళ్ళు మండింది. మామయ్య మాత్రం వెనక గోడకి ఆనుకుని, ప్రతి ఆటా చూసేవాడు.

మూడో వారంలో ఒక ఉత్తరం వచ్చింది. యుద్ధంలో మామయ్య పక్కనే చనిపోయిన స్నేహితుడొకడున్నాడు, అందరూ పొడుగోడు అనేవారట. రాసింది వాళ్ళక్క. "వచ్చే ఆదివారం వస్తాను. మా తమ్ముడు ఆఖరికి ఏమన్నాడో నీ నోటే వినాలి." ఇరవై రెండేళ్ళకి అడగబుద్ధేసింది ఆవిడకి.

ఆ రోజు నుంచి మామయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఏమేవ్, నాకు వాన గుర్తుందే. వాడి తల నా ఒళ్ళో ఉన్నట్టు కూడా గుర్తుంది. అది వాడా, సినిమావాడా?"

"నన్నడిగితే? నేనప్పటికి పుట్టనేలేదు."

"అదే కదే. అడుగుదామంటే ఎవడూ మిగల్లేదు."

నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. గేటు దగ్గర చింపిన టికెట్ ముక్కల వెనక, తనకి గుర్తున్నవి ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ప్రతి ఆటకీ టార్చి వెలుగులో తెరతో సరిచూసి, సినిమాలో కనిపించినదాన్ని చెత్తబుట్టలో వేశాడు. వాన పోయింది. ఒళ్ళో తల పోయింది. అక్కకి చెప్పమన్న మాటా పోయింది.

"అక్కడ నిజంగానే వాన పడి ఉంటేనో?" అన్నాను, ఊరుకోలేక.

ఆయన మొహం పాలిపోయింది. ఆ ముక్కని బుట్టలోంచి తీశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

శనివారానికి ఒకే ఒక్క ముక్క మిగిలింది. దాని మీద 'మేజోళ్ళు' అని ఉంది. ఇంత పనికిమాలిన సంగతి ఏ సినిమావాడూ తీయడు, కాబట్టి ఇది నాదే అన్నాడు. ఇంటికెళ్ళి ఇనప్పెట్టె అడుగునుంచి బూడిదరంగు ఉన్ని మేజోళ్ళ జత బయటికి తీశాడు. గోడవైపు తిరిగి చెప్పాడు.

"నావి తడిసిపోయాయని వాడివి తొడుక్కున్నానే. పొద్దున్నే లేచి 'నా మేజోళ్ళేవిరా' అన్నాడు. నాకేం తెలుసన్నాను. ఆరేసిన తీగ మీదే ఉన్నాయేమో చూసొస్తానని మేం దాక్కున్న గోతిలోంచి పైకెక్కాడు. అంతే. ఇంకేం అనలేదు. అవేమో నా కాళ్ళకే ఉన్నాయి."

ఆదివారం పొద్దున ఆవిడ వచ్చింది. టికెట్ల గదిలోనే కూర్చోబెట్టాం. మామయ్య ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఉతికి ఆరబెట్టిన మేజోళ్ళు అందులోనే ఉన్నాయని నాకు తెలుసు.

ఆవిడ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"మంచివాడివి బాబూ. నేను తట్టుకోలేనని ఇలా అల్లి చెబుతున్నావు. మేజోళ్ళ కోసం ఎవరైనా చస్తారా?"

"నిజం అక్కా."

"సరేలే నాయనా," అని ఆయన భుజం తట్టి లేచింది. గోడ మీద పోస్టరు చూసింది. "ఇది ఆ యుద్ధం కథేనా అమ్మా? నాకొక టికెట్ ఇయ్యి."

ఇచ్చాను, చేసేదేముంది. మామయ్యే టార్చి వేసి, మెట్టు మెట్టుకీ వెలుగు పరిచి సీట్లో కూర్చోబెట్టాడు. వాన సీను వచ్చేసరికి ఆవిడ బావురుమంది. ముందు వరసవాళ్ళు తిరిగి చూసినా ఆపుకోలేకపోయింది.

ఆట వదిలాక మామయ్య రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వెందుకు చెప్పలేకపోయావో ఇప్పుడర్థమైంది. వాడు నీ ఒళ్ళో పోయాడు. అంతకన్నా నాకేం కావాలి?"

ఆవిడ వెళ్ళిపోయింది.

"జేబులో పెట్టుకుని ఎందుకివ్వలేదు మొద్దూ?" అన్నాను, ఎడమవైపు నుంచే. ఎలా విన్నాడో, విన్నాడు.

"తిట్టించుకుందామని ఇన్నేళ్ళు ఆగానే. మెచ్చుకుని వెళ్ళిపోయింది." మళ్ళీ తనే, "అక్క అంత గట్టిగా చెబుతోంది కదా, వాడి తల నా ఒళ్ళోనే ఉందేమోనే," అన్నాడు.

మళ్ళీ మొదటికొచ్చాడు. ఆయన్ని బల్ల మీద కూలేసి, బూట్లు ఊడబీకి, జేబులోంచి ఆ మేజోళ్ళు లాగి తొడిగాను. మడమకి రావాల్సిన కుట్టు చీలమండ దాటి పైకొచ్చి కూర్చుంది. మామయ్య వంగి దాన్ని వేలితో తడిమాడు.

"నావి కావే," అన్నాడు.

మధ్యాహ్నం ఆటకి గంట కొట్టారు. వాటి మీదే బూట్లు వేసుకుని, టార్చి తీసుకుని లోపలికి వెళ్ళాడు.