తొక్కు తిన్న పిండి

చొక్కా మడత నలగకుండా ఉంటే చాలు, మన మనసులో మాట ఎదుటివాళ్లకు తెలిసిపోతుందని నమ్మే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో, ఎనభైల చివర్లో, నేను మహబూబ్‌నగర్‌లో ఓ ఆఫీసులో చిన్న గుమాస్తాను. అవ్వ, అంటే మా అమ్మ, నేనూ కిరాయింట్లో ఉండేవాళ్లం. ఆఫీసులో టైపిస్టు మేడం ఒకామె ఉండేది. (పేరు తెలుసు, పలికే ధైర్యమే లేదు.) సికింద్రాబాదు మనిషి. వాళ్లమ్మ ఇంగ్లీషు మఫిన్లు చేసేదట. అంటే, పులిసిన మైదాతో పెనం మీద కాల్చే చిన్న మందపాటి రొట్టెలు. ఆ తల్లి పోయింది. ఆమె పులియబెట్టిన పిండి మాత్రం ఒక గాజుసీసాలో మిగిలింది. రోజూ కాస్త తీసేసి, కొత్తగా మైదా, నీళ్లు కలుపుతుంటే ఎన్నేళ్లయినా బతుకుతుందట.

అక్క కాన్పుకు పోతూ మేడం ఆ సీసా నా చేతిలో పెట్టింది. "దవాఖానల దీన్ని చూసుకోలేనండీ. రోజూ తిండి పెట్టండి. మా అమ్మది గిదొక్కటే మిగిలింది" అంది. అంతమందిలో నాకే ఇచ్చిందని ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. సరిగ్గా అప్పుడే నాకు నారాయణపేట క్యాంపు పడింది. బస్సుకు టైమైపోతుంటే, "అవ్వా, గీ సీసలదానికి రోజూ తిండి వెట్టు, మర్చిపోకు!" అని అరిచి పరుగెత్తాను. ఏం తిండో చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి పిండి ఎర్రగా, బుసబుసా పొంగుతోంది. మూత తీస్తే వెల్లుల్లి వాసన గుప్పుమంది.

"ఏం వెట్టినవే అవ్వా?"

"నేను తిన్నదే. జొన్న గట్క. సప్పగ ఎట్ల తింటది పాపం? జర మామిడికాయ తొక్కు కలిపిన. సూడు బిడ్డా, ఎంత మంచిగ ఒళ్లు జేసిందో!"

మేడం ఊరినుంచి వచ్చి మా ఇంట్లో సీసా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

"అవ్వా, దీనికి నిజంగనే బువ్వ వెట్టినవా?"

"మరి? ఆడివిల్ల నమ్మి ఇడిసిపెట్టి పాయె. పస్తుంచుతనా?"

మేడం పకపకా నవ్వింది. తల్లి పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ పిండితోనే మైదా కలిపి నానబెట్టి, మర్నాడు స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి మఫిన్లు కాల్చింది. చూస్తే ఇంగ్లీషు, కొరికితే పాలమూరు. అవ్వ మాత్రం "తొక్కు తక్కువైంది" అంది.

తర్వాత ప్రతి ఆదివారం మేడం మా ఇంటికి వచ్చేది. నా కోసమే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవాణ్ణి. "అవ్వ లేదా?" అంటూ నన్ను దాటుకుని లోపలికి పోయేది. అయినా నాకు ఆదివారాలంటే ప్రాణం.

ఏడాది తిరక్కుండానే ఆమెకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బస్టాండులో సీసా పట్టుకుని నిలబడి, "ఇంకేమన్న చెప్పేదున్నదా?" అని నన్నే అడిగింది. నేను గొంతు సవరించుకుని, "ఎండ ఉంది. కిటికీ పక్క సీటు మాత్రం వద్దండీ" అన్నాను.

బస్సు కదిలాక, నాతోపాటు సాగనంపడానికి వచ్చిన అవ్వ నా వైపు తిరిగింది. "ఉండుమనాల్సిన నోటితోని ఏడ కూసోవద్దో జెప్తివి గదరా!"

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఆ బస్టాండు కుర్రాడు గుర్తొస్తే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. అంతలోనే వాడి మీద జాలేసి, నవ్వొచ్చేస్తుంది.