దొరసాని బిడ్డకు తోడుగా

అమ్మ పోయిన తర్వాత ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆమె టీచరుగా మొదట చేరిన బెళుగుప్ప బడిని ఒకసారి చూసి రావాలనిపించింది. ఆగస్టు చివర్లో ఒక ఉదయం అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సు ఎక్కి, అక్కడ మరో బస్సు మారి, పది దాటాక బెళుగుప్పలో దిగాను. పాత బడి కూల్చేసి కొత్తది కట్టారు. అమ్మ కాలంనాటిది ఏమీ మిగల్లేదు. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని తిని, మధ్యాహ్నం బస్సుకు చాలా సమయం ఉండడంతో చుట్టుపక్కల తిప్పి తీసుకురమ్మని నాలుగు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు బాషా.

ఈ ఏడు వానలు మొదట్లో కురిసి ఆగిపోయాయి. దారి పొడవునా వేరుశనగ జానెడు కూడా లేవకుండానే వాడిపోయింది. మట్టిదారిలో పోతుంటే చేల మధ్య పైకప్పు లేని రాతిగోడలు, వాటిలో కోసుగా లేచిన కిటికీ కనబడ్డాయి. అదేమిటని అడిగాను.

"దొరల కాలం చర్చి అక్కా. ఈడికి ఎవురూ రారు, గొర్రెలు తప్ప," అన్నాడు బాషా.

నిజంగానే లోపల గోడ నీడన గొర్రెలు పడుకుని ఉన్నాయి. చర్చి వెనక రెండు గచ్చు సమాధులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని మీది ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయాయి. చిన్నదాని మీద పసిబిడ్డ అని అర్థమొచ్చే మాట ఒక్కటే చదవగలిగాను. తల్లీబిడ్డలై ఉంటారు.

చిన్న సమాధి పక్కన ఉత్త నేల మీద ఒక ముసలామె తన సీసాలోని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తోంది. గొర్రెలు ఆమెవే. పేరు లింగమ్మ. ఏదో మొక్కకనుకుని, "ఏం నాటావవ్వా?" అని అడిగాను.

"నా కొడుకుండాడు మ్మా ఈడ," అంది.

పక్కనే కూర్చున్నాను. ఆమే చెప్పింది. కరువులో తొలి కాన్పు. పాలు పడలేదు. వారం తిరక్కుండానే బిడ్డ పోయాడు. "చేన్లో పెడితే మడక తిరుగుతాదని మా ఆయన ఈడికి ఎత్తుకొచ్చినాడు. ఈ నేలను ఎవురూ దున్నరు. దొరసాని బిడ్డ ఉండాడు గదా, తోడుంటాడనుకుంటిమి." ఆ తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. భర్త కూడా పోయాడు.

కొంచెం దూరంలో పాతిన ఎర్ర గుర్తుల కర్రలు చూపించింది. "గాలిమరలకు దావ ఏస్తారంట. రాతలుండే గోరీలు ముట్టుకోరంట. నా బిడ్డకు రాతే లేదు. సదువుకున్నదానివి, ఏమన్నా రాసిపెడతావా మ్మా?"

నేను తలూపేలోపే బాషా చేను గట్టు మీదనుంచి ఒక చదునైన రాయి మోసుకొచ్చాడు. ఆటోలోంచి సుత్తి, పాత స్క్రూడ్రైవరు తీశాడు. "పేరేం అవ్వా?"

"పేరు పెట్టకముందే పాయె గదప్పా." చిన్న సమాధి వైపు చూసింది. "లింగమ్మ కొడుకు అని రాయండి."

నేను గోడ పక్కన పాత మంట బూడిదలోంచి బొగ్గు తీసి అక్షరాలు గీశాను. బాషా వాటి మీద చెక్కాడు. వంకరగానే వచ్చాయి. ముగ్గురం కలిసి రాయిని నిలబెట్టి, మొదలు చుట్టూ గులకరాళ్ళు దట్టించాం. లింగమ్మకు చదువు రాదు. "దీంట్లో నేను యాడుండా?" అంది. చూపించాను. "వాడు?" అదీ చూపించాను. ఆ రెండో మాట మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. గొర్రెలు చేలల్లోకి పోయినా లేవలేదు. బాషా వెళ్ళి వాటిని మళ్ళించుకొచ్చాడు.

మధ్యాహ్నం బస్సు తప్పిపోయింది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరో ఎక్కడినుంచో వచ్చి ఈ ఎండలో బిడ్డను పూడ్చి, తర్వాత తానూ ఆ పక్కనే చేరిన దొరసాని గురించీ లింగమ్మ గురించీ ఆలోచిస్తూ వచ్చాను. ఇద్దరి మధ్య అన్ని ఏళ్ళున్నా ఏడ్చిన చోటు ఒకటే. దారి వేసేవాళ్ళు ఆ వంకర అక్షరాలను రాతగా ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క మాట. బెళుగుప్ప బస్టాండు దగ్గర ఏ ఆటో అతన్ని అడిగినా పాత చర్చికి తీసుకెళ్తాడు, ఎండ ముదరకముందే పొండి. చిన్న సమాధి పక్కన రాయి పడిపోయి కనిపిస్తే నిలబెట్టి రండి.