టాంకి మూతల నీలం సబ్బు

పదిహేను దినాలాయె, మా కార్ల మిస్త్రీ పోయి. బీదర్ల పాత బండ్లు ఉన్నోళ్ళకు ఆయన ఎరుకే. మట్టి చేసి మర్లి వస్తాంటె, ఆయన దుకాణమున్న గల్లీ మొగల, చాయ్ హోటల్ కాడ నిలబడ్డోళ్ళ మాటలు నా చెవుల పడ్డయి.

"మంచోడే గని చివరికి చెయ్యి పోయింది పాపం. ఆ ముసలమ్మ కారును ఎన్నిసార్లు ఇప్పినా రోగం పట్టలేకపాయె" అన్నడు ఒకడు.

"ఇగ ఆయన బిడ్డ దుకాణం ఏం నడుపుతది? షట్టర్ వేస్కుంటె ఇజ్జత్ దక్కుతది" అన్నడు స్పేర్ పార్టులమ్మేటాయన.

ఆ ముసలమ్మను నేనే. నాకు అచ్చరం రాదు. నేను చెప్తాంటె మా మనుమరాలు రాస్తాంది. మర్యాదగ మార్చి రాస్తె ఊకోనని ముందే చెప్పిన. చాయ్ తాగుకుంట మాట్లాడినోళ్ళందరు ఇది చదువుర్రి. చదువరానోళ్ళకు చదివి వినిపించుర్రి.

ఆ తెల్ల కారు మా ఆయన కిరాయికి నడిపింది. ఆయన పోయినంక డ్రైవర్‌ను పెట్టి నేనే తిప్పుతున్న, పెండ్లిండ్లకు, దవఖానలకు. ఇరవై ఏండ్లు మిస్త్రీ చెయ్యి తప్ప వేరే చెయ్యి దాని మీద పడలే. ఆయన పని చేసే తరీఖ వేరు. బండి రాంగనె బానెట్ ఎత్తడు. వెనుకకు పోయి పెట్రోలు మూత కాడ నిలబడి చెయ్యి పైకెత్తుతడు. అంటె అందరు నోరు మూసుకోవాలె. మూత ఇప్పుకుంట చెవి ఆనిస్తడు. తర్వాత ముక్కు పెడ్తడు. తర్వాత కింద పండుకొని టాంకిని వేలి గెణుపుతోని కొట్టుకుంట పోతడు. టన్ మనేది డబ్ మన్నకాడ ఆగి, "ఈడ తుప్పు కూసుంది అక్కా" అంటడు. ఇప్పి చూస్తె ఆడనే ఉంటది.

"బండి చెప్పేది వినకుండ పానా పట్టేటోడు బండికి దుష్మన్" అంటుండె.

టాంకి చెమ్మగిల్లితె బట్టల సబ్బు తెచ్చి రుద్దుతుండె. పెట్రోలుకు సబ్బు కరగదట, బంక లెక్క పట్టుకుంటదట. నేను చూసిన. చూసి ఊకుంటినా?

మూడేండ్ల కిందట ఒక దినం మూతకు సూది మొనంత బెజ్జం కనబడ్డది. పెట్రోలంత ఇందులకెళ్ళే ఆవిరై పోతాందని కడుపు మండింది. ఇంట్ల బట్టలుతికే నీలం సబ్బు చిదిమి గోరుతోని కూరిన. ఎవరికి చెప్పలే. మస్తు తెలివి చేసిన్ననుకున్న.

ఆ వారంలనే కారు ఆగుడు షురువాయె. ఊరు దాటి జర దూరం పోంగనె గుక్క పట్టినట్టయి బంద్. పావుగంట కూసుంటె మళ్ళ మంచిగ పోతది. హుమ్నాబాద్ రోడ్డు మీద పెండ్లోళ్ళు తిట్టిన తిట్లు నాకింక యాదికున్నయి. మిస్త్రీ పంపు ఇప్పిండు, పైపు ఊదిండు. మళ్ళ ఆగింది. టాంకి దింపి కడిగిండు, పెట్రోలును గుడ్డల వడగట్టి పిడికెడు తుప్పు చూపిచ్చిండు. మళ్ళ ఆగింది.

మరి మూత కాడ చెవి పెట్టలేదా అంటరు. పెట్టిండు. ఏం వినబడ్తది? గల్లీలకు పోయే ముందే నేను తాళం తీసి, మూత ఇప్పి, టాంకిల పుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూసుకుంటుంటి. మిస్త్రీ పెట్రోలు తీస్కుంటడని నా షక్కు. ఇరవై ఏండ్ల సంది ఎరుకున్న మనిషి మీద షక్కు! కారు చెప్పేదంత నా పుల్ల కాడనే చెప్పి అయిపోతుండె. ఆయన చెవి పెట్టేటప్పటికి మూత నా కొంగున, తాళం నా కొంగున. ఆయన చేతికి వస్తె గద చూసేది?

మూడోసారి గల్లీ నడిమిట్ల నిలబడి ఒర్రిన: "నీ చెయ్యి పోయింది మిస్త్రీ! షట్టర్ వేస్కో!"

ఈ మాట ఎవరిదో ఇప్పుడన్న ఎరుకైందా? నా నోట్లకెళ్ళి పడ్డ ఎంగిలి మాట ఏరుకొని మూడేండ్ల సంది నములుతున్నరు మీరు.

ఆయన పానా కింద పెట్టిండు. "ఈసారి ఆగిన కాడనే ఉంచు అక్కా. మూత ముట్టకు. నేనే వస్త" అన్నడు.

భాల్కి రోడ్డు మీద, కంది చేను పక్కన ఆగింది. పోన్ చెయ్యంగనె స్కూటర్ మీద వచ్చిండు. మూత జర తిప్పిండో లేదో, చుస్స్‌మని టాంకి గాలి గుంజుకుంది, నీళ్ళల్ల మునిగి తేలినోని లెక్క. మూత మల్పి చూసిండు. పిన్నీసుతోని గీకిండు. నీలం సబ్బు రాలింది. నా దిక్కు ఒక్కసారి చూసిండు.

"ఏమైంది మిస్త్రీ?" అని అడిగిండు డ్రైవర్.

ఆయన సబ్బును పిడికిట్ల మూసిండు. "ఏం లేదు నాయనా, నేనే ఒకటి మర్చిన."

డ్రైవర్ అటు పోయినంక మెల్లగ అన్నడు: "టాంకి గూడ మనిషి లెక్కనే అక్కా. పెట్రోలు పోయినంత గాలి లోపలికి రావాలె. ఆ బెజ్జం దాని ముక్కు."

నేను నోరు తెరిస్తినా? గల్లీ అంత భయపడే నోరు, ఆ దినం కుట్లేసినట్టున్నది. డ్రైవర్ పోయి అందరికి చెప్పిండు, మిస్త్రీ మర్చిండట అని. గిరాకీ పల్చబడ్డది. అయినా నేను కనబడితె "చాయ్ తాగినవా అక్కా" అంటుండె. ఆ మాటకు నాకు ఒళ్ళు మండుతుండె. తిట్టరాదు? ఒక్కసారి తిట్టి పారేస్తె నా పీడ పోతుండె. తిట్టకనే పోయిండు.

మిస్త్రీ దినాలు అయినంక, నిన్న, నేను మళ్ళ సబ్బు పెట్టిన. ఈసారి ఎరుకుండి పెట్టిన. ఖిల్లా చుట్టు తిప్పిచ్చి తిప్పిచ్చి, గల్లీ మొగల కొచ్చి ఆగేదాక తోలిచ్చిన. చాయ్ తాగేటోళ్ళనే పిలిచిన. "మాటలు చెప్పుడు కాదు, నూకుర్రి" అన్న. స్పేర్ పార్టులాయన గూడ నూకిండు.

తండ్రి కాడనే పని నేర్చిన మిస్త్రీ బిడ్డ షట్టర్ సగం దించి సామాన్లు మూట కడ్తాంది. చేతులు తుడుచుకుంట వచ్చింది.

"ఏమైంది అత్తమ్మా?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పు" అని తాళం ఆమె చేతిల పెట్టిన.

బానెట్ దిక్కు చూడలే. సీదా వెనుకకు పోయింది. చెయ్యి పైకెత్తింది. నూకినోళ్ళు ఆయాసం గూడ ఆపుకున్నరు. నేను గూడ ఊకున్న. మూత తిప్పింది.

చుస్స్.

అందరు విన్నరు. మెడకు ఏలాడే పిన్నీసు తీసి గీకింది. సబ్బు ముక్కకు ముక్క ఊడొచ్చింది. నా దిక్కు చూసింది, అచ్చం ఆయన చూపే. చూసి, పిడికిలి మూసింది.

"ఏం లేదు అత్తమ్మా, జర దుమ్ము దుబ్బ పట్టింది" అన్నది.

తండ్రికి తగ్గ బిడ్డ! నేను ఆమె మణికట్టు పట్టి అందరి ముందలికి గుంజిన. "నేను పెట్టిన సబ్బు ఇది. అప్పుడు నేనే, ఇప్పుడు నేనే. మిస్త్రీ ఏం మర్వలే" అన్న. ఒక్కొక్క వేలు ఇప్పిన. గ్రీజు పట్టిన నల్లటి అరచేతిల గోధుమ గింజంత నీలం సబ్బు. దాని మీద నా గోరు గుర్తు అట్లనే ఉన్నది.