మందిరం గోడా, పక్కింటి సాంచలూ

సిరిసిల్లలో మా ప్రార్థన మందిరానికీ, పక్కనున్న మరమగ్గాల షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. ఇటు మేము పాటలు పాడతాం, అటు సాంచలు గుడ్డ నేస్తాయి. ఆ గోడ నిలువునా పగిలింది. పగులు సిలువకు జానెడు దూరంలో ఆగడంతో సంఘపెద్ద దాన్ని సైతాను పని అని తేల్చాడు. ఆ సైతానుకు నాలుగు సాంచలున్నాయని, అవి గోడను ఆనుకునే నడుస్తాయని కూడా ఆయనే తేల్చాడు.

సాంచల యజమాని వేరే దేవుణ్ణి మొక్కుతాడు. అయినా ఆదివారం మా ఆరాధన నడిచినంతసేపూ, ఎవరూ అడగకుండానే సాంచలు ఆపేస్తాడు. మా విశ్వాసుల్లో ఆ సమయానికి ఫోన్ ఆపేవాళ్లు కూడా తక్కువే. "అదురు మా సాంచలదే అని తేలితే తీసేస్త," అని ఆయనే ఒప్పుకున్నాడు. తీస్తే పెట్టుకోవడానికి మరో చోటు లేదు. ఇల్లు గడిచేది వాటి మీదే.

తేల్చే పని నాకు పడింది. ఆదివారాలు ఆరాధనకు ఇక్కడికొస్తాను. మిగతా రోజుల్లో కోరుట్లలో ఇంట్లో కూర్చుని, భూమి లోపల చమురు వెతికే కంపెనీకి కంపనాల ఫైళ్లు సరిచేయడం నా ఉద్యోగం. కంపెనీలో మూలన పడి ఉన్న, అదురు కొలిచే పాత రికార్డరు ఒకటి అడిగి తెచ్చి, శనివారం పొద్దున గోడ కింద పెట్టాను. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలోనే లాప్‌టాప్‌లో ఫైలు తెరిచాను.

తెర నిండా గీతల ప్రళయం.

"చూస్తివా బిడ్డా, దేవుడు సాక్ష్యం పంపిండు," అని సంఘపెద్ద పరుగున వెళ్లి సాంచల యజమానిని తోలుకొచ్చాడు.

యజమాని తెర వంక చూశాడు. "గింత అదురుతుందా చెల్లె? మరి మేమెట్ల బతికున్నం?"

"కృప," అన్నాడు సంఘపెద్ద.

"సరే. రేపు విప్పుత. ఇనుప సామాను కిందనే అమ్మాలె ఇగ."

కృప మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ మాత్రం అదిరితే సిరిసిల్లే ఉండకూడదు. "నిన్న కరెంటు పోయిందా అన్నా?" అని అడిగాను.

"పగటీలి పోయింది. సాంచలన్నీ బందే."

ఆ సమయంలోనూ తెర మీద అదే ప్రళయం.

అప్పుడు అర్థమైంది. ఆ పాత రికార్డరు ప్రతి సంఖ్యనూ ముక్కలుగా రాస్తుంది, పెద్ద ముక్క ముందు. నా లాప్‌టాప్ చిన్న ముక్క ముందుందనుకుని చదువుతుంది. 0003 అని రాసిందాన్ని వెనకనుంచి చదివితే మూడు వేలవుతుంది కదా, అలాగన్నమాట. బైబిలు నేర్పే లేఖనాల బడిలో మాకు హీబ్రూ మొదటి పాఠమే కుడివైపు నుంచి చదవమని. ఏ కొస నుంచి మొదలుపెట్టాలో యంత్రాన్నీ అడగాల్సింది.

ముక్కల వరుస తిప్పడానికి ఒక్క లైను కోడు చాలు. కొట్టాను. ప్రళయం అణిగిపోయింది. శనివారం సాంచలు నడిచినంతసేపూ నూలుపోగంత వణుకు. కరెంటు లేనప్పుడు అదీ లేదు. ఆదివారం పొద్దున మాత్రం, సాంచలు ఆగి ఉన్న వేళ, గీత గంతులేసింది. రెండు బేస్ బాక్సులు, డ్రమ్ములు, వాటికి తోడు సంఘమంతా లేచి ఎగిరిన మూడో పాట. బైబిల్లో బూరలూది శత్రువుల గోడలు కూల్చిన సంగతి మేము భక్తిగా చెప్పుకుంటాం. కూల్చేది సొంత గోడైతే ఏం చెప్పుకోవాలో ఎవరూ నేర్పలేదు.

సంఘపెద్ద గొంతు తగ్గించాడు. "ఒకసారి తిప్పితే తప్పు మనదైంది. ఇంకోసారి తిప్పు బిడ్డా."

"ఇంకోసారి తిప్పితే మొదటిదే వస్తది పెద్దబాపు."

"గదే మంచిగుండె."

సాంచల యజమాని నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏమయ్యా పెద్దమనిషి, మీ డ్రమ్ములు గూడ ఇనుప సామానుకేనా?"

సంఘపెద్ద కాసేపు పైకప్పు చూశాడు. పైనుంచి ఏ సహాయమూ రాలేదు. "నువ్వు సాంచలు విప్పకు," అన్నాడు చివరికి. "డ్రమ్ములు మేమే గీ గోడకు దూరంగ జరుపుతం. పాటలు కూసుండి పాడుతం."

"మూడో పాట కూడానా?" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

యజమాని వెళ్లిపోయాడు. కాసేపటికి గోడ అవతల సాంచలు మొదలయ్యాయి. సంఘపెద్ద లేచి వెళ్లి, పగులు పక్కన అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"జరంత అదురు తెలుస్తున్నది బిడ్డా," అన్నాడు, ఆశగా.