ఆవుల్ని పేర్లతో రాసిన మా రెడ్డెప్పన్న

నిన్న పొద్దున కుప్పం బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. "రెడ్డెప్ప సచ్చిపోయినాడమ్మా" అన్నారు. రాంగ్ నంబర్ అనుకుని కట్ చేశాను.

మళ్ళీ వచ్చింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నలభై నాలుగేళ్ళ మనిషి. మొన్న సాయంత్రమే నాతో ఫోన్లో పోట్లాడాడు. ఎందుకు పోట్లాడాడో చెప్పుకోవాలనే ఈ పోస్ట్ రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం. మాది పశువులకు టీకాలు, వైద్యం చూసే చిన్న సంస్థ. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మూడు ఆఫీసులు. కుప్పంది నేను చూస్తాను. పుంగనూరు ఆఫీసులో కంప్యూటర్లు రెడ్డెప్పన్నవి. చదివింది ఇంటర్. మిగతాదంతా కెలికి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నేర్చుకున్నదే.

మొదట్లో మా రిజిస్టర్ అంతా ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. ఏడాదికోసారి లైసెన్స్ రెన్యూ చేయాలి. ఒక ఏడు మావాళ్ళు ఆలస్యం చేశారు. అది తెరుచుకోవడం మానేసింది.

సరిగ్గా గాలికుంటు జబ్బు వచ్చిన నెల.

ఏ పల్లెలో ఏ ఆవుకి టీకా వేశామో అందులోనే ఉంది. ఆవులు మావి, రాసింది మేము, తాళం మాత్రం ఎక్కడో వాళ్ళ దగ్గర. అవతల పశువులు నోరు పుండ్లయి మేత ముట్టడం లేదు.

అన్న ఒక నోట్‌బుక్ పట్టుకుని పల్లెలకు బయల్దేరాడు. పెద్దపంజాణి మండలం అయ్యింది, బైరెడ్డిపల్లె పట్టాం. నేనూ వెంట ఉన్నాను. ఒక ఊళ్ళో ఎల్లమ్మ అనే పెద్దావిడను అడిగాడు, "అమ్మా, ఎన్ని ఆవులుండాయి?"

ఆవిడ మొహం మాడ్చుకుంది. "గొడ్లను లెక్కబెడతారా యాడన్నా? దిష్టి తగల్తాది. యా ఊరప్పా నీది?"

అన్న ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు. ఆ పట్టింపు తెలియనివాడు కాదు. కానీ కంపెనీ ఫారంలో మొదటి ప్రశ్న అదే, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. చెవులు పట్టుకుని నవ్వాడు. "తప్పయిపాయమ్మా. పేర్లు సెప్పు, సాలు."

అప్పుడు మొదలుపెట్టింది. మల్లి. మల్లి కూతురు కర్రి. కర్రికి పుట్టిన పెయ్య, దానికింకా పేరు పెట్టలేదు. దేనికి ఏ పండక్కి ముందు సూది వేయించిందో, ఏది కుంటుతోందో, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అన్న రాసుకుంటూనే ఉన్నాడు.

తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, ఆవు పేరు, తల్లి పేరు రాసుకునే వీలు పెట్టమని అడిగాం. కుదరదన్నారు. నంబరే ఉండాలట.

"వాళ్ళింట్లో కాపురం పెట్టి యాల ఈ అవస్థ? మనదే ఒకటి పెట్టుకుందాం పా" అన్నాడు.

మదనపల్లె నెట్ సెంటర్లో కూర్చుని వెతికాడు. ఎవరైనా తీసుకుని మార్చుకోండని కోడ్‌తో సహా ఇచ్చేసే ప్రోగ్రాములు ఏమున్నాయా అని. మ్యాగజైన్‌తో వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. మూలన పడేసిన కంప్యూటరే సర్వర్ అయింది.

దొరికిన ప్రోగ్రాం లైబ్రరీల కోసం రాసింది! పుస్తకం ఉన్నచోట ఆవు, రచయిత ఉన్నచోట తల్లి అని మార్చాడు. అయినా కొన్నాళ్ళు ప్రతి ఆవుకూ ఎన్ని పేజీలని అడిగేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అన్న మాత్రం "మల్లికి రెండొందల పేజీలు ఏసుకో" అనేవాడు, మొహంలో నవ్వు కనపడనీయకుండా.

కుప్పం నుంచి ఫోన్ లైన్ మీద పుంగనూరు మెషీన్లోకి వెళ్ళేదాన్ని. పేజీ వచ్చేలోపు టీ తాగి రావచ్చు. కానీ ఆ తర్వాత ఒక్క ఏడు కూడా మా రిజిస్టర్ మాకు అందకుండా పోలేదు.

అన్నకు ఉన్న దిగులు ఒక్కటే.

"వసంతమ్మా, నేర్సుకో. కంపెనీ ఏసిన బీగమైతే ఏం, రెడ్డెప్ప ఏసిన బీగమైతే ఏం? నాకేమన్నా అయితే మళ్ళా అందరూ బయటే గదా."

ప్రతిసారీ "నువ్వుండావు గదన్నా" అనేదాన్ని.

మొన్నటి పోట్లాట కూడా అదే. ఆదివారం పుంగనూరు రా, అంతా చూపిస్తానన్నాడు. పనుంది, వచ్చే వారం చూద్దామన్నాను. "నీకెప్పుడూ వచ్చే వారమే" అని పెట్టేశాడు.

నాకు పనేమీ లేదు. బద్ధకం, అంతే. ఇప్పుడు నన్ను నేను తిట్టుకుని ఏం లాభం.

నిన్న అంతా అయ్యాక పుంగనూరులోనే ఉండిపోయాను. ఈ పొద్దున కుప్పం నుంచి మావాళ్ళు ఫోన్ చేశారు, రిజిస్టర్ తెరుచుకోవడం లేదని. కరెంటు పోయి వచ్చిందట. ఆఫీసు తీయించుకుని వెళ్ళాను.

మెషీన్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. ఆయన చేతిరాత. కరెంటు పోయి వస్తే ఏం చేయాలో వరసగా, నాలాంటి వాళ్ళకి కూడా అర్థమయ్యే తెలుగులో. ఎన్నేళ్ళుగా ఉందో, నేను ఒక్కసారీ చదవలేదు.

ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాను. స్క్రీన్ మీద అక్షరాలు కొన్ని వచ్చి ఆగిపోయాయి. ఆఖరి లైన్లో ఇలా ఉంది: "అప్పటికీ రాకుంటే రెడ్డెప్పకు ఫోన్ చేయండి."

చేశాను. ఆలోచించలేదు. వేళ్ళు వాటంతటవే నొక్కేశాయి.

వాళ్ళావిడ నిర్మలక్క ఎత్తింది. నేనేదో చెప్పేలోపే ఆమే అడిగింది.

"ఏమమ్మా, మిషన్ రాలేదా?"

తనే మళ్ళీ, "ఆయప్ప ఉండింటే ఈపాటికి బయల్దేరేదానికి సొక్కా ఏసుకుంటా ఉండేవాడు" అంది.

ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం.

మెషీన్ ఇంకా లేవలేదు. మదనపల్లె నుంచి తెలిసిన మనిషి వస్తున్నాడు. ఈసారి పక్కనే కూర్చుని నేర్చుకుంటాను అన్నా, ఒట్టు.

పోయిరా. ఇక ఎవరూ ఫోన్ చేసి నిన్ను లేపరు. ప్రశాంతంగా పడుకో.